పాత ల్యాప్‌టాప్‌లో గేమ్ ల్యాగ్ అవుతోందా? రిజల్యూషన్ తగ్గించే సరైన పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, 720పీ పెట్టినా ఎఫ్‌పీఎస్ పెరగట్లేదు. ల్యాప్‌టాప్ పాడైందా?"

విజయవాడలో మేముండే పటమట వీధిలో హాస్టళ్లు ఎక్కువ. కానూరు వైపు కాలేజీలకు వెళ్లే పిల్లలు నన్ను తరచుగా అడిగేది ఇదే. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల (ఫ్రేముల) సంఖ్య. చదువుకోసమని ఇంట్లో వాళ్లు కష్టపడి కొనిచ్చిన ల్యాప్‌టాప్, అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, రాత్రి పది దాటాక గేమ్ పెడితే ఆగి ఆగి నడుస్తుంది. చాలాసార్లు ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ ఉండదు. రిజల్యూషన్ తగ్గించిన చోటు తప్పు, లేదా తగ్గించినా ఫలితం రాని పరిస్థితిలో తగ్గించారు. రెండూ సరిచేయొచ్చు.

ఒక మధ్యాహ్నం కేటాయించండి. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. దశల వరుస మార్చకండి.

1. ముందు ఈ లెక్క అర్థం చేసుకోండి

తెర మీద కనిపించే ప్రతి బొమ్మా చిన్న చుక్కల కూర్పు. ఆ చుక్కలే పిక్సెళ్లు. ఒక్కో ఫ్రేమ్‌కి ఎన్ని చుక్కలకు రంగు లెక్కకట్టాలో రిజల్యూషన్ చెబుతుంది.

- 1920×1080 (1080పీ): దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు
- 1600×900 (900పీ): 14.4 లక్షలు
- 1366×768: దాదాపు 10.5 లక్షలు
- 1280×720 (720పీ): దాదాపు 9.2 లక్షలు
- 1024×576: దాదాపు 5.9 లక్షలు

1080పీ నుంచి 720పీకి దిగితే పిక్సెళ్ల పని సగానికన్నా తక్కువకు, అంటే 44 శాతానికి పడిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే 1080పీలో సెకనుకు 12.4 కోట్ల పిక్సెళ్లు నింపాలి. 720పీలో అయితే 5.5 కోట్లు చాలు.

మరి ఎఫ్‌పీఎస్ రెండింతలకు పైగా ఎందుకు పెరగదు? ఒక ఉదాహరణ చూద్దాం. 24 ఎఫ్‌పీఎస్ వస్తోందంటే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 42 మిల్లీసెకన్లు పడుతోందని అర్థం. అందులో 8 మిల్లీసెకన్లు పిక్సెళ్ల సంఖ్యతో సంబంధం లేని పని అనుకుందాం. మిగిలిన 34లో 44 శాతం అంటే 15. మొత్తం 23 మిల్లీసెకన్లు, అంటే 43 ఎఫ్‌పీఎస్. పిక్సెళ్లు ఎంత తగ్గించినా ఆ 8 మాత్రం కదలదు.

ఆ కదలని భాగం ఎక్కడిదో తెలియాలంటే మన టిఫిన్ సెంటర్‌ని తలుచుకోండి. పెనం దగ్గర దోశలు వేసే మాస్టర్ గ్రాఫిక్స్ చిప్. బల్లల దగ్గర ఆర్డర్లు తీసుకుని లోపలికి చెప్పే మనిషి ప్రాసెసర్. దోశ చిన్నది చేస్తే మాస్టర్ పని తేలికవుతుంది. ఆర్డర్ చెప్పే మనిషే నెమ్మదిగా ఉంటే దోశ ఎంత చిన్నది చేసినా బల్ల మీదకు త్వరగా రాదు. రిజల్యూషన్ అనేది దోశ సైజు మాత్రమే.

2. మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో రాసుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. కాగితం మీద ఇవి రాయండి:

- ప్రాసెసర్ పేరు
- గ్రాఫిక్స్ చిప్ పేరు (రెండు కనిపిస్తే రెండూ)
- ర్యామ్ ఎన్ని జీబీ, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి
- గేమ్ ఉన్న డ్రైవ్ హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా
- తెర అసలు రిజల్యూషన్ (సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే; రికమెండెడ్ అని పక్కన రాసి ఉండేది)

స్లాట్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్ చిప్‌కి సొంత మెమరీ ఉండదు. మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్క ముక్కే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా కదులుతుంది. రెండు ముక్కలు రెండు చానళ్లలో ఉంటే 51.2 జీబీ. ఇది ఎందుకు చెబుతున్నానో చివరి దశలో తెలుస్తుంది.

3. కొలిచే ముందు సిద్ధం చేయండి

మొన్న వేసవిలో గుంటూరు బ్రాడీపేట నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. "అన్నయ్యా, నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఒక్క ఫ్రేమ్ కూడా పెరగలేదు" అన్నాడు. ఆదివారమంతా ఇద్దరం కూర్చున్నాం. సాయంత్రానికి కారణం దొరికింది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్ ఊళ్లోనే మర్చిపోయి, తక్కువ వాట్ల ఫోన్ ఛార్జర్‌ని సీ-టైప్ పోర్టులో పెట్టి వాడుతున్నాడు. కరెంటు చాలక ల్యాప్‌టాప్ తన వేగాన్ని తనే తగ్గించుకుంది. అసలు ఛార్జర్ తెప్పించి పెట్టాక, అదే గేమ్ అదే సెట్టింగ్స్‌తో హాయిగా నడిచింది. ఒక రోజంతా పోయినందుకు ఇద్దరికీ బాధగా అనిపించింది. మీకు అలా జరగకూడదు.

కొలవడం మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్, లేదా అన్నే వాట్లది పెట్టాలి. బ్యాటరీ మీద కొలవొద్దు.
- సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చాలి. బ్యాటరీ సేవర్ ఆపాలి.
- కంపెనీ ఇచ్చిన కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో సైలెంట్ మోడ్ లేకుండా చూడాలి.
- బ్రౌజర్, డౌన్‌లోడ్లు, విండోస్ అప్‌డేట్ ఏవీ వెనక నడవకూడదు.
- గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే కొత్తది వేసి రీస్టార్ట్ చేయాలి.
- టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు కనిపిస్తే, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ అనే పేజీలో ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి.

ఇక వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడ మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది? ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని కోసేసుకుంటుంది. గట్టి బల్ల మీద పెట్టండి. వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి, గాలి కింద నుంచి వెళ్లాలి. పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం ఒక కొలత తీసి రెండింటినీ పోల్చకండి. పోల్చాల్సిన కొలతలన్నీ ఒకే పూట, ఒకే గదిలో తీయండి.

4. ఇప్పుడున్న పరిస్థితి కొలవండి

విండోస్ కీ, జి కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చిన్న పెట్టెను పిన్ చేస్తే ఆడుతున్నంతసేపూ అంకెలు కనిపిస్తాయి. ఎఫ్‌పీఎస్ చూపడానికి మొదటిసారి అనుమతి అడుగుతుంది, ఇచ్చేయండి. స్టీమ్ వాడేవాళ్లకు దాని సెట్టింగ్స్‌లోనూ ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఉంది. వివరంగా చూడాలంటే ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వాడొచ్చు, అది ఉచితం.

గేమ్‌లో ఒక చోటు ఎంచుకోండి. బాగా ల్యాగ్ అయ్యే చోటే కావాలి. ఖాళీ గదిలో గోడ వైపు చూస్తూ కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. జీటీఏ 5లో అయితే గ్రాఫిక్స్ మెనూలోనే బెంచ్‌మార్క్ పరీక్ష ఉంది, అది వాడండి. మిగతా గేముల్లో ఒకే దారిలో, ఒకే దిక్కున రెండు నిమిషాలు నడవండి.

1. వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపండి. ఎఫ్‌పీఎస్ పరిమితి ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి.
2. పది నిమిషాలు ఆడి ల్యాప్‌టాప్ వేడెక్కనివ్వండి.
3. ఎంచుకున్న చోట మూడుసార్లు కొలవండి.
4. మామూలుగా కనిపించే అంకె, మధ్యలో పడిపోయే అతి తక్కువ అంకె, రెండూ రాయండి.

రెండోది మర్చిపోకండి. చేతికి తెలిసేది ఆ తక్కువ అంకే. సగటు 45 ఉండి మధ్య మధ్యలో 15కి పడిపోయే ఆట కంటే, కదలకుండా 32 దగ్గర నిలబడే ఆట ఎంతో మేలు.

5. రెండు రిజల్యూషన్ల పరీక్ష

ఈ గైడ్‌కి ఆయువుపట్టు ఈ దశే. దీన్ని దాటేసి ముందుకు వెళ్తే మిగతాదంతా గుడ్డి ప్రయోగం అవుతుంది.

మిగతా సెట్టింగ్స్ ఒక్కటీ ముట్టుకోకుండా, ఫుల్‌స్క్రీన్ మోడ్‌లో (అందులోకి ఎలా మార్చాలో ఏడో దశలో ఉంది), రిజల్యూషన్ మాత్రం తెర అసలు సైజు నుంచి 1280×720కి మార్చండి. మీది 1366×768 తెర అయితే ఆ తేడా చాలదు, 1024×576 లేదా 800×600కి దిగండి. ఇది పరీక్ష కోసమే, ఆడటానికి కాదు. అదే చోట మళ్లీ కొలవండి. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ శాతం కూడా చూడండి.

వచ్చే ఫలితాలు నాలుగు రకాలు.

బాగా పెరిగింది. ఉదాహరణకు 24 నుంచి 43. గ్రాఫిక్స్ చిప్ 95 శాతం పైన నడుస్తూ ఉంటుంది. అడ్డంకి అక్కడే ఉందని తేలింది. మీకు రిజల్యూషన్ మందు పనిచేస్తుంది. ఆరో దశకు వెళ్లండి.

పెద్దగా మారలేదు. 38 ఉన్నది 41 అయింది. అడ్డంకి ప్రాసెసర్ దగ్గరో, ర్యామ్ దగ్గరో ఉంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోంది కదా, అది ఖాళీగానే ఉందిగా అంటారు. ఆ 40 అన్ని కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) సగటు. గేమ్ ప్రధానంగా ఒకటి రెండు కోర్ల మీద ఆధారపడితే ఆ రెండూ నిండిపోయినా మొత్తం అంకె తక్కువే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ శాతం 60, 70 దగ్గర ఊగుతోందంటే అది పని లేక ఎదురుచూస్తోందని గుర్తు. వాలరెంట్ లాంటి గేముల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. అలాంటి చోట 800×600 పెట్టి కళ్లు పాడుచేసుకోవద్దు. రిజల్యూషన్‌ని తిరిగి పైకి తెచ్చి, తొమ్మిదో దశలో ప్రాసెసర్ భాగం చూడండి.

సరిగ్గా 30 లేదా 60 దగ్గర ఆగిపోయింది. వీ-సింక్ ఎక్కడో ఇంకా పనిచేస్తోంది. గేమ్‌లో ఆపినా గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ఆన్ అయి ఉండొచ్చు. 60 హెర్ట్జ్ తెర మీద కొన్ని గేములు 60 అందుకోలేకపోతే నేరుగా 30కి పడేస్తాయి, మధ్యలో 45 దగ్గర నిలవవు. అది ఆపి మళ్లీ కొలవండి.

మొదట పెరిగి, పావుగంటకు తగ్గిపోయింది. వేడి. మూడో దశకు వెనక్కి వెళ్లండి. ఫ్యాన్ దగ్గర దుమ్ము పేరుకుని ఉంటే శుభ్రం చేయించండి. కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌కి థర్మల్ పేస్ట్ మార్పించడం కూడా ఉపయోగపడుతుంది.

6. మీ తెరకు ఏ రిజల్యూషన్ సరిపోతుంది

తెర ఆకారానికి సరిపోయే అంకెలే ఎంచుకోండి. 1920×1080, 1600×900, 1280×720, 1024×576 ఇవన్నీ 16:9 కుటుంబం. 1920×1200 తెర ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లు 16:10, వాటికి 1280×800 సరిపోతుంది. 1024×768, 800×600 పాత 4:3 ఆకారం, వెడల్పు తెర మీద సాగదీసినట్టో, పక్కన నల్ల పట్టీలతోనో వస్తాయి.

1080పీ తెర ఉన్నవాళ్లు ముందు 900పీ ప్రయత్నించండి. పిక్సెళ్ల పని 31 శాతం తగ్గుతుంది, బొమ్మలో తేడా తక్కువ. మీరు అనుకున్న ఎఫ్‌పీఎస్ అక్కడే వస్తే ఆగిపోండి. రాకపోతే 720పీ. అంతకన్నా కిందికి దిగితే దూరంలో ఉన్న శత్రువు నాలుగైదు చుక్కల మచ్చలా మారిపోతాడు, ఎఫ్‌పీఎస్ ఎంత వచ్చినా ఆట గెలవడం కష్టం. 720పీ కంటే కిందకి దిగే బదులు ఇంకో సెట్టింగ్ తగ్గించమనే చెబుతాను.

1366×768 తెర వాళ్లకు ఒక మాట. 720పీకి దిగితే తగ్గే పని 12 శాతమే. కానీ బొమ్మ మాత్రం బాగా మసకబారుతుంది, ఎందుకంటే ఒక చుక్కను 1.07 చుక్కలుగా సాగదీయాల్సి వస్తుంది. ఆ మార్పు నష్టమే. మీరు తెర అసలు రిజల్యూషన్‌లోనే ఉండి, ఎనిమిదో దశలోని రెండర్ స్కేల్ వాడండి.

7. ఎక్కడ మార్చాలి

"720పీ పెట్టినా తేడా లేదు" అన్నవాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే జరుగుతుంది.

గేముల్లో మూడు డిస్‌ప్లే మోడ్‌లు ఉంటాయి. ఫుల్‌స్క్రీన్‌లో గేమ్ అడిగిన రిజల్యూషన్‌కి తెర మారుతుంది. విండోడ్‌లో చిన్న కిటికీలా తెరుచుకుంటుంది. బోర్డర్‌లెస్, లేదా విండోడ్ ఫుల్‌స్క్రీన్ అనేది చూడటానికి ఫుల్‌స్క్రీన్‌లాగే ఉంటుంది కానీ చాలా గేముల్లో డెస్క్‌టాప్ రిజల్యూషన్‌లోనే నడుస్తుంది. వాలరెంట్‌లో ఆ మోడ్‌లో ఉంటే రిజల్యూషన్ మార్చనివ్వదు కూడా. కొన్ని గేముల్లో మార్చినట్టు చూపిస్తుంది, నిజంగా మారదు.

పాటించాల్సిన వరుస:

1. డిస్‌ప్లే మోడ్‌ని ముందు ఫుల్‌స్క్రీన్‌కి మార్చి అప్లై నొక్కండి.
2. తర్వాత రిజల్యూషన్ మార్చి అప్లై నొక్కండి.
3. గేమ్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.
4. మెనూలో అదే అంకె నిలిచిందో లేదో చూడండి.

గేమ్‌లో ఫుల్‌స్క్రీన్ లేకపోతే, ఆడే ముందు డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే 1280×720కి మార్చండి. బోర్డర్‌లెస్ గేమ్ దాన్నే అనుసరిస్తుంది. ఆడటం అయ్యాక మళ్లీ రికమెండెడ్‌కి తెచ్చుకోండి.

హాస్టల్ గదిలోనో ఇంట్లోనో టీవీకి హెచ్‌డీఎమ్ఐ కేబుల్‌తో కలిపి ఆడేవాళ్లు మరీ జాగ్రత్త. 4కే టీవీ పెడితే విండోస్ 3840×2160 ఎంచుకోవచ్చు. అంటే 83 లక్షల పిక్సెళ్లు, 1080పీకి నాలుగింతలు. బోర్డర్‌లెస్‌లో ఉన్న గేమ్ ఆ బరువంతా మోస్తుంది. టీవీ కలిపిన ప్రతిసారీ ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, టీవీని 1920×1080కి తగ్గించండి.

8. రెండర్ స్కేల్, ఎఫ్ఎస్ఆర్

రిజల్యూషన్ తగ్గిస్తే మెనూలు, మ్యాప్, అక్షరాలు అన్నీ మసకబారతాయి. రెండర్ స్కేల్ లేదా రిజల్యూషన్ స్కేల్ అనే సెట్టింగ్ అలా చేయదు. లోపలి బొమ్మను చిన్నగా గీసి, తెర సైజుకు పెంచి, దాని మీద అక్షరాలను పూర్తి స్పష్టతతో వేస్తుంది. గేమ్‌లో ఈ సెట్టింగ్ ఉంటే రిజల్యూషన్ ముట్టుకోకుండా దీన్నే తగ్గించడం నా సలహా. జీటీఏ 5లో ఇది ఫ్రేమ్ స్కేలింగ్ మోడ్ అనే పేరుతో అడ్వాన్స్‌డ్ గ్రాఫిక్స్‌లో ఉంటుంది.

శాతాల దగ్గర జాగ్రత్త. ఎక్కువ గేముల్లో ఆ శాతం పొడవుకూ వెడల్పుకూ విడివిడిగా వర్తిస్తుంది.

- 75 శాతం అంటే 1440×810, పిక్సెళ్ల పని 56 శాతం
- 70 శాతం అంటే 1344×756, పని 49 శాతం
- 50 శాతం అంటే 960×540, పని 25 శాతం

50 అంటే సగమే కదా అనుకుని పెట్టి, బొమ్మ ముద్దలా ఉందని కంగారుపడతారు. అది సగం కాదు, నాలుగో వంతు. 85 దగ్గర మొదలుపెట్టి అయిదేసి తగ్గించుకుంటూ రండి.

ఎఫ్ఎస్ఆర్ అనేది ఏఎమ్‌డీ తెచ్చిన పద్ధతి. చిన్న బొమ్మను పెద్దది చేసేటప్పుడు అంచులను పదునుగా ఉంచుతుంది. దీని 1, 2, 3 వెర్షన్లు ఇంటెల్ చిప్‌ల మీదా పనిచేస్తాయి. 1080పీ తెర మీద క్వాలిటీ మోడ్ అంటే లోపల 1280×720, పెర్ఫార్మెన్స్ మోడ్ అంటే 960×540. కౌంటర్ స్ట్రైక్ 2లో ఇది వీడియో సెట్టింగ్స్‌లోనే ఉంది. ఎఫ్ఎస్ఆర్ 2, 3 బొమ్మను ఇంకా బాగా నిలబెడతాయి, కానీ ఆ లెక్కకు వాటికీ సమయం కావాలి. బలహీనమైన చిప్ మీద ఆ సమయం ఎక్కువే. అందుకే ఆన్ చేసి వదిలేయకుండా మళ్లీ కొలవండి. ఇలాంటిదే అయిన డీఎల్ఎస్ఎస్ కోసం వెతకొద్దు, దానికి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి.

9. రిజల్యూషన్ కుదిరాక మిగతా సెట్టింగ్స్

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అదే చోట కొలవండి.

అడ్డంకి గ్రాఫిక్స్ చిప్ అయితే ఈ వరుసలో తగ్గించండి:

- నీడలు (షాడోస్): లో
- యాంబియెంట్ ఆక్లూజన్, రిఫ్లెక్షన్లు: ఆఫ్
- ఎమ్ఎస్ఏఏ (బొమ్మల అంచులు నునుపు చేసేది): ఆఫ్. బదులుగా ఎఫ్ఎక్స్ఏఏ లేదా ఎస్ఎమ్ఏఏ
- మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్: ఆఫ్. తక్కువ రిజల్యూషన్‌లో ఇవి కంటికీ భారమే

అడ్డంకి ప్రాసెసర్ అయితే:

- ఎంత దూరం దాకా కనిపించాలి, జనం, వాహనాలు ఎన్ని ఉండాలి అనే సెట్టింగ్స్: తగ్గించాలి
- ఫిజిక్స్, రేణువుల ఎఫెక్ట్‌లు: లో
- వెనక నడిచే యాప్‌లు: మళ్లీ ఒకసారి చూడాలి

టెక్స్చర్ క్వాలిటీ మెమరీకి సంబంధించింది. 8 జీబీ ర్యామ్‌నే గ్రాఫిక్స్ చిప్ కూడా పంచుకుంటుంటే టెక్స్చర్లు మీడియం దాటించొద్దు.

ఆఖరున ఎఫ్‌పీఎస్‌కి పరిమితి పెట్టండి. 34 నుంచి 48 మధ్య ఊగుతోందనుకోండి, 30 దగ్గర కట్టేయండి. సన్నని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే చిప్‌లో ఉండి ఒకే కరెంటు వాటాను పంచుకుంటాయి, చాలా మోడళ్లలో అది 15 వాట్ల చుట్టూ ఉంటుంది. ప్రాసెసర్ అనవసరంగా పరిగెత్తడం ఆపితే గ్రాఫిక్స్‌కి ఎక్కువ మిగులుతుంది, వేడి కూడా తగ్గుతుంది. మన ఎండాకాలంలో ఈ ఒక్క మార్పుతో గంటసేపు ఆడినా అంకె పడిపోకుండా నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

10. మధ్యలో వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

తెర నల్లగా అయిపోయింది. టెన్షన్ పడకండి. దేన్నీ నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, చాలాసార్లు పాత రిజల్యూషన్ తనే వచ్చేస్తుంది. రాకపోతే ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే చాలా గేములు విండోలోకి మారతాయి. అదీ కుదరకపోతే గేమ్ మూసి, దాని సెట్టింగ్స్ ఫైల్ పేరు మార్చండి. మళ్లీ తెరిస్తే గేమ్ కొత్త ఫైల్ తయారు చేసుకుంటుంది.

చుట్టూ నల్ల అంచులు, మధ్యలో చిన్న బొమ్మ. గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో స్కేలింగ్ చూడండి. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో డిస్‌ప్లే పేజీలో స్కేల్ అని ఉంటుంది. ఏఎమ్‌డీ అడ్రినలిన్‌లో జీపీయూ స్కేలింగ్ అని ఉంటుంది. ఆకారం చెడకుండా నిండే ఎంపిక పెట్టండి. రెండు చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో తెర తరచుగా ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్‌కే కలిసి ఉంటుంది, అందుకే ఎన్‌విడియా ప్యానెల్‌లో ఈ ఎంపిక కనిపించకపోవచ్చు.

గేమ్ తెర దాటి బయటకు పోయింది, సగమే కనిపిస్తోంది. విండోస్ స్కేలింగ్ 125 లేదా 150 శాతం ఉన్నప్పుడు పాత గేముల్లో ఇలా అవుతుంది. గేమ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ తెరవండి. అందులో ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి అప్లికేషన్ ఎంచుకోండి.

ఎఫ్‌పీఎస్ బాగుంది, కానీ కొత్త చోటికి వెళ్లగానే ఒక క్షణం ఆగిపోతోంది. ఇది రిజల్యూషన్‌కి లొంగే జబ్బు కాదు. హార్డ్ డిస్క్ నుంచి డేటా రావడం ఆలస్యం, లేదా ర్యామ్ నిండిపోయింది. గేమ్‌ని ఎస్ఎస్‌డీ మీదకు మార్చండి, బ్రౌజర్ మూయండి.

ఆన్‌లైన్‌లో మనిషి ఒకచోట నుంచి ఇంకోచోటికి గెంతుతున్నాడు, ఎఫ్‌పీఎస్ మాత్రం 60. అది నెట్ సమస్య. హాస్టల్ వైఫై అందరూ వాడే రాత్రి వేళ రిజల్యూషన్ ఎంత తగ్గించినా పింగ్ (గేమ్ సర్వర్‌కి డేటా వెళ్లి వచ్చే సమయం) తగ్గదు.

11. డబ్బు పెట్టాల్సి వస్తే

ఇవన్నీ చేశాక, అయిదో దశలో మీ ఫలితం గ్రాఫిక్స్ వైపు చూపించి, రెండో దశలో రాసిన స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉంటే, కొత్త ల్యాప్‌టాప్ ఆలోచన కాసేపు పక్కన పెట్టి ఇంకో ర్యామ్ ముక్క వేయించండి. సొంత మెమరీ లేని గ్రాఫిక్స్ చిప్‌కి రెండో చానల్ దొరకడం పెద్ద మేలు. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ విషయంలో తేడా పేరులోనే కనిపిస్తుంది. ఒకే చానల్ ర్యామ్ ఉన్నప్పుడు అదే చిప్ డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తుంది.

షాపుకి వెళ్లేటప్పుడు:

- ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. మోడల్ పేరు చెప్పి కొనుక్కురావద్దు.
- డీడీఆర్4నా డీడీఆర్5నా, వేగం ఎంత అనేది ఉన్న ముక్క మీద చూసి అదే రకం అడగండి.
- ఒక ముక్క మదర్‌బోర్డుకే అతికించి ఉందా, ఇంకో స్లాట్ నిజంగా ఉందా అని మూత విప్పి చూపించమనండి.
- వారంటీ ఉంటే మూత విప్పితే అది పోతుందా అని ముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడగండి.
- వేశాక షాపులోనే ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో రెండు స్లాట్లూ, మొత్తం జీబీలూ కనిపిస్తున్నాయో లేదో చూసి డబ్బు ఇవ్వండి.

ఇంటికి వచ్చాక పాత కాగితం తీసి, అదే గేమ్, అదే చోటు, 1080పీలో ఒకసారి, 720పీలో ఒకసారి మళ్లీ కొలవండి. ఇంతకుముందు 720పీలో వచ్చిన అంకె ఇప్పుడు 900పీలోనే వస్తుంటే, రిజల్యూషన్‌ని ఒక మెట్టు పైకి తెచ్చుకోండి.